నీళ్లు లేకపోతే ఖాజూ సగం వంతెనే

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరం పేరు కొట్టగానే నెట్‌లో వచ్చే ఫోటోల్లో ఖాజూ వంతెన తప్పకుండా ఉంటుంది. చాలావరకు రాత్రిపూట తీసిన ఫోటోలే. కమాను కమానుకీ పసుప్పచ్చ దీపం, కింద నిండుగా జాయందేరూద్ నది, నీళ్లలో ఊగే వెలుగు. ఆ ఫోటోల మీద నాకో ఫిర్యాదు ఉంది. ఈమధ్య కాలంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ నీళ్లు అక్కడ ఉండటం లేదు. ఉన్న కొద్ది రోజుల్లో తీసినవే పోస్టర్లెక్కి ఊరేగుతున్నాయి. వంతెన ఇటుక కదలకుండా నిలబడే ఉంది కదా, నీళ్లు వస్తాయి పోతాయి, దానికేం అనేవాళ్లున్నారు. వాళ్లలో చదువుకున్నవాళ్లు, పాత కట్టడాలంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. నా పేచీ వాళ్లతోనే.

నేను చెప్పదలచుకున్నది ఇది. రాయి, ఇటుక, సున్నం ఎలాగో, నీరు కూడా ఖాజూ కట్టడంలో ఒక భాగమే. దాన్ని కట్టినవాళ్లు పారే నదిని లెక్కలోకి తీసుకుని ప్రతి కొలతా పెట్టారు. నదిని ఎండనిచ్చి ఇటుకలకు మరమ్మతు చేసుకుంటూ పోతే మనం కాపాడుతున్నది సగం కట్టడాన్నే.

ఇలా ఆలోచించడానికి నా ఉద్యోగం కూడా కారణం కావచ్చు. చదివింది సివిల్, పనిచేసింది నీటిపారుదల శాఖలో, అదీ ఎక్కువగా కృష్ణా డెల్టాలో. లాకులు, తూములు, రెగ్యులేటర్లు, వాటి షట్టర్లు, వాటికి పెట్టాల్సిన గ్రీజు, ఆ గ్రీజు బిల్లు మీద ఆడిట్ అభ్యంతరాలు. ఇలాంటి బతుకు బతికినవాడు ఏ వంతెన దగ్గరికెళ్లినా పైన శిల్పం కంటే ముందు కింద నీటి మట్టం చూస్తాడు. ఇస్ఫహాన్‌లో మా గైడ్ కమానుల మధ్య కొవ్వొత్తి ఆకారం ఎక్కడ కనిపిస్తుందో చూపిస్తుంటే, నేను కాలువల నోళ్ల దగ్గర కూర్చుని తలుపులు ఎక్కడ దించేవారో వెతుక్కుంటున్నాను. పాపం, అతను కాసేపు చూసి నన్ను వదిలేశాడు.

పుస్తకాల్లో ఖాజూను వంతెనల జాబితాలో పెడతారు. మా శాఖ వాడెవడైనా చూస్తే బ్యారేజీ అంటాడు. పొడవు 133 మీటర్లు, వెడల్పు 12. రెండో షా అబ్బాస్ పాలనలో, 1650 ప్రాంతంలో, అప్పటికే అక్కడున్న ఒక పాత వంతెన పునాదుల మీద లేపారు. 23 కమానులు. ప్రకాశం బ్యారేజీకి 70 ఖానాలు, పొడవు కిలోమీటరు పైమాటే. దాని పక్కన పెడితే ఖాజూ చాలా చిన్నది. చేసే పని మాత్రం అదే. ఎగువన నీటిని నిలపాలి, కావలసినంత దిగువకు వదలాలి, నెత్తిన జనాన్నీ బళ్లనీ దాటించాలి. మన దగ్గర ఈ మూడు పనులూ ఒకే కట్టడంతో చేయించడం 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక బెజవాడ వాళ్లకు మామూలైపోయింది. అంతకు మూడొందల ఏళ్ల ముందు ఒక ఎడారి అంచు నగరంలో ఆ పని చేసి, దానికి అదనంగా జనం కూర్చోవడానికీ పాడుకోవడానికీ జాగా కూడా ఇచ్చారు.

కట్టే వరసలోనే, కింది నుంచి చెబుతాను. నది వెడల్పంతా అడ్డంగా రాతి అరుగు ఒకటి పరిచారు. ఆ అరుగును కోస్తూ సన్నటి కాలువలు వదిలారు. నీరు పారేది వాటి గుండానే. కాలువకూ కాలువకూ మధ్య రాతి దిమ్మ. ఎగువ వైపు ఆ దిమ్మ ముక్కు కోసుగా ఉంటుంది, వచ్చే ప్రవాహాన్ని రెండుగా చీల్చి పక్కలకు పంపడానికి. కాలువల నోళ్లను చెక్క పలకలు దించి మూసే ఏర్పాటు ఉండేది. మూస్తే ఎగువన మట్టం పెరిగి నది చెరువులా నిలుస్తుంది. ఒడ్డు పొడవునా ఉన్న రాజుగారి తోటలకు నీళ్లెక్కుతాయి, భవనాల ముందు నీటి అద్దం ఏర్పడుతుంది. తెరిస్తే నీరు సన్నటి సందుల్లోంచి వడిగా దూకుతుంది. మా డెల్టాలో షట్టర్లు ఎత్తి దించే పనికి లష్కర్లుంటారు. ఖాజూకీ అలాంటివాడెవడో ఉండే ఉంటాడు. రాజు పేరు మిగిలింది, అతని పేరు మిగల్లేదు.

దిగువ వైపు వెళ్తే రాతి మెట్లు వరసలు వరసలుగా నదిలోకి దిగుతాయి. యాత్రికులు వాటిని ఘాట్ అనుకుని కూర్చుంటారు. కూర్చోవడానికి బాగానే ఉంటాయి, నేనూ కూర్చున్నాను. కానీ ఆ మెట్లకు వేరే పని ఉంది. సందుల్లోంచి దూకిన నీటికి బలం ఎక్కువ. ఆ బలం అలాగే నది అడుగును తాకితే మట్టి కోసుకుపోతుంది, గుంట పడుతుంది, ఆ గుంట మెల్లగా వెనక్కి జరిగి పునాది కిందకు వస్తుంది. వంతెనలు పైనుంచి బరువెక్కువై కూలడం అరుదు. కింద మట్టి కొట్టుకుపోయి కూలినవే ఎక్కువ. నీరు మెట్టు మీంచి మెట్టు మీదకు పడి విరిగి నురగై పోతే, అడుగుకు చేరేసరికి దాని పొగరు తగ్గిపోతుంది. మేం బ్యారేజీ దిగువన కాంక్రీటుతో వేసే ఆప్రాన్‌కి ఇది రాతి రూపం. తేడా ఏమిటంటే మా ఆప్రాన్ మీద ఎవరూ పిల్లల్ని కూర్చోబెట్టి ఐస్‌క్రీం తినిపించరు.

రాతి భాగం అయిపోయాక ఇటుక మొదలవుతుంది. నీళ్లు తగిలే చోట రాయి, తగలని చోట ఇటుక. ఈ నియమం ఖాజూలోనే కాదు, అంతకు ముందు 1599లో మొదలై 1602కి పూర్తయిన సీ-ఓ-సె పోల్‌లోనూ కనిపిస్తుంది. మొదటి షా అబ్బాస్ హయాంలో, జార్జియా మూలాలున్న సేనాని అల్లావెర్దీ ఖాన్ పర్యవేక్షణలో కట్టిన వంతెన అది. దాదాపు 298 మీటర్ల పొడవు, 33 కమానులు. రెండు చోట్లా ఇటుకనే ఎంచుకోవడానికి కారణం పేదరికం కాదు. ఇస్ఫహాన్ మైదానంలో మట్టికి కొదవలేదు, పెద్ద కలపకు కొదవ ఉంది. నది అడుగు మెత్తన. దాని మీద మొత్తం రాయే పేరిస్తే బరువు పెరుగుతుంది. ఇటుకకు బరువు తక్కువ. పైగా ఒకే కొలతలో వేలకు వేలు పోసుకోవచ్చు, కమాను వంపు ఎలా కావాలంటే అలా తిప్పుకోవచ్చు. రాతిని వంపుకు తగ్గట్టు చెక్కాలంటే ప్రతి ముక్కా ఒక విడి పని.

ఇటుకకు ఒక గుణముంది. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే విరిగిపోతుంది. కమాను చేసేదల్లా పైనున్న బరువునంతా నొక్కుడుగా మార్చి పక్కలకు దించడమే. ఇరాన్ కమానుల కొన కోసుగా పైకి లేచి ఉంటుంది కాబట్టి, అదే వెడల్పున్న చదునైన కమానుతో పోలిస్తే పక్కకు తోసే బలం తగ్గుతుంది. ఆ మిగిలిన తోపుడును కూడా పక్క కమాను ఎదురు తోసి రద్దు చేస్తుంది. 33 కమానులు వరసగా నిలబడితే ప్రతిదీ తన ఇద్దరు పొరుగువాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. చివరి రెండు మాత్రం గట్టు మీదున్న బరువైన కట్టడానికి ఆనుకుంటాయి. ఇందువల్ల మధ్యలో ఒక స్తంభం కింద నేల కాస్త కుంగినా దాని ప్రభావం ఆ స్తంభం దగ్గరే ఆగదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత కావాలి.

సున్నం గురించి కూడా రెండు మాటలు. నీటి పనులకు అక్కడ సారూజ్ అనే అడుసు వాడేవారు. సున్నం, బంకమట్టి, బూడిద కలిపి బాగా మర్దించి చేస్తారు. గట్టిపడ్డాక నీరు దిగనివ్వదు. మన వైపు పాత తాపీ మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపేవారు. సరుకు వేరు గానీ రెండు చోట్లా సమస్య ఒకటే. సిమెంటు లేని రోజుల్లో సున్నానికి ఎండా వానా ఓర్చే శక్తి ఎలా తేవాలి? సున్నపు కట్టుబడికి సిమెంటుకు లేని ఒక సుగుణం ఉంది. కట్టడం కొంచెం కదిలితే అదీ కొంచెం సర్దుకుంటుంది. పాత ఇటుక కట్టడాలను సిమెంటుతో పూసేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరిగేది అందుకే. గట్టిదానికీ మెత్తదానికీ పొంతన కుదరక, చివరికి పగిలేది పాత ఇటుకే.

ఇక పైభాగం. మధ్యలో దారి, ఒకప్పుడు గుర్రాలకూ ఒంటెలకూ బిడారులకూ. దారికి రెండు పక్కలా ఎత్తయిన గోడ, గోడలో గూళ్లలాంటి కమానులు. ఆ గోడలకు అవతల, నది వైపు, నడిచేవాళ్లకు వేరే సందు. ఒంటెల తొక్కిడి లేకుండా మనిషి తన నడకన తను పోవచ్చు, గాలి రివ్వున కొట్టే రోజున కమాను లోపలికి జరగవచ్చు. వంతెన సరిగ్గా మధ్యలో రెండు వైపులా ఎనిమిది ముఖాల మంటపం ముందుకు చొచ్చుకొచ్చి ఉంటుంది. పింగాణీ పలకలు, రంగుల బొమ్మలు అన్నీ అక్కడే. రాజు వచ్చి కూర్చుని నీటి మీద పండగలు చూసేవాడు. ఇరాన్ కళ మీద జీవితమంతా పరిశోధించిన అమెరికన్ పండితుడు ఆర్థర్ ఉప్‌హామ్ పోప్ ఇరాన్ వంతెన కళకు ఇదే శిఖరం అన్నాడు. ఆయన, ఆయన భార్య ఫిలిస్ ఏకర్‌మన్ సమాధి ఈ వంతెనకు దగ్గర్లోనే, నది ఒడ్డునే ఉంది.

నా ఓటు మాత్రం మంటపానికి కాదు, కింది అంతస్తుకు. దారి కింద, కాలువల మీద, కమానుల వరస లోపల్లోపల ఒక పొడవాటి చావడిలా సాగుతుంది. ఇస్ఫహాన్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 120 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో ఒక్క గట్టి వానలో అంత పడ్డ రోజులున్నాయి. అలాంటి పొడి ఊళ్లో, వేసవి మధ్యాహ్నం, కాళ్ల కింద పారే నీరు, నెత్తిన మందపాటి ఇటుక. నీటి తడికి చల్లబడ్డ గాలి కమానుల గుండా సాగుతుంది. రాజుకు పైన మంటపం ఉంటే ఊరి జనానికి కింద ఏసీ హాలు ఉందన్నమాట. సాయంత్రాలు మగవాళ్లు గుంపుగా చేరి అక్కడ పాడతారు, వాయిద్యం ఉండదు. ఒకరు అందుకుంటే మిగతావాళ్లు వింటారు, వంపు తిరిగిన ఇటుక కప్పు గొంతును పెంచి పంపుతుంది. కట్టినవాళ్లు దీన్ని ఆలోచించే కట్టారా, అనుకోకుండా వచ్చిందా అని వాదించుకునేవాళ్లున్నారు. నాకు దాని మీద పెద్దగా పట్టింపు లేదు.

మేం వెళ్లినప్పుడు నది లేదు. నేను మాట మార్చి చెప్పడం లేదు, నిజంగానే లేదు. గట్టి మట్టి, అక్కడక్కడ గులకరాళ్లు, పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. హంస ఆకారపు పెడల్ బోట్లు ఒడ్డున వరసగా ఒట్టి నేల మీద కూర్చుని ఉన్నాయి. మెట్లున్నాయి, విరగాల్సిన నీరు లేదు. కోసుగా చెక్కిన రాతి ముక్కులున్నాయి, చీల్చడానికి ప్రవాహం లేదు. కింది చావడిలోకి దిగితే చల్లదనం లేదు, దుమ్ము వాసన. పాట ఉంది, అది మాత్రం ఉంది. ఒక పెద్దాయన పాడుతున్నాడు. భాష తెలియకపోయినా ఆగి విన్నాం.

అక్కడ నిలబడి లెక్కేసుకున్నాను. ఈ కట్టడంలో నీరు లేకపోయినా తన పని తను చేస్తున్న భాగాలు ఏవి? పై దారి, మంటపం, గోడలు. చేయలేనివి? రాతి అరుగు, కాలువలు, తలుపులు, ముక్కులు, మెట్లు, చావడి చల్లదనం. వంతెన బరువులో, ఖర్చులో, తెలివిలో ఎక్కువ భాగం ఈ రెండో జాబితాలోనే ఉంది. ఫోటోలో మాత్రం మొదటి జాబితాయే బాగా పడుతుంది.

సరే, పని లేకపోతే పోనీ, కనీసం నష్టం లేదు కదా అంటారు. ఉంది. జాయందేరూద్ నది ఎండిపోయాక పైనుంచి భూమిలోకి ఇంకే నీరు పోయింది. అదే సమయంలో బోర్లు ఎక్కువై కింద నీటిని తోడేశారు. బంకమట్టిలోంచి నీరు పోతే అది ముడుచుకుంటుంది, నేల కుంగుతుంది. ఇస్ఫహాన్ మైదానం ఇలా కుంగుతోందని అక్కడి భూగర్భ శాస్త్రవేత్తలు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. సీ-ఓ-సె పోల్‌లో పగుళ్లు వచ్చాయన్న వార్తలు, దాని దగ్గరగా మెట్రో సొరంగం పోవడం మీద గొడవ, అన్నీ ఇదే కాలంలో వచ్చాయి. కుంగుడు అంతటా సమానంగా ఉంటే ఇటుక ఓర్చుకుంటుంది. ఒక స్తంభం కింద ఎక్కువ, పక్కదాని కింద తక్కువ అయితే, నొక్కుడు మాత్రమే తెలిసిన ఇటుకకు లాగుడు మొదలవుతుంది. కమానులన్నీ పొరుగువాళ్ల మీద ఆధారపడ్డాయని గుర్తుంచుకోమన్నది ఇందుకే. నాలుగు వందల ఏళ్లు తడిలో నిలబడేలా కట్టిన పునాదిని పొడిలో నిలబెట్టి, ఏమీ కాదులే అని ధీమాగా ఉండటం ఇంజనీర్ చేసే పని కాదు.

కట్టడాన్ని నది నుంచి విడదీసి కాపాడితే ఏమవుతుందో చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఖాజూ నుంచి దిగువకు కొంత దూరంలో షహ్రెస్తాన్ వంతెన ఉంది. ఊళ్లో ఉన్న పాత వంతెనల్లో అన్నిటికంటే పాతది. పునాదులు ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన ససానియన్ల నాటివంటారు, పైభాగం తర్వాత వచ్చిన సెల్జూక్ రాజుల కాలపుది. వరద దెబ్బ తగలకుండా నది దారిని దక్షిణానికి కాస్త జరిపారు. వంతెన కింద నిల్వ నీటి చెరువు మిగిలింది. వంతెన భద్రంగానే ఉంది, ఎవరూ కాదనరు. కానీ ఏ నది మీది వంతెన అది? మ్యూజియంలో అద్దాల బీరువాలో పెట్టాల్సిన వస్తువును బీరువా లేక బయట పెట్టినట్టుంది.

నా వాదనకు ఎదురు వాదనలు లేకపోలేదు. వాటిలో ఒకటి బలమైనది. జాయందేరూద్ జాగ్రోస్ కొండల్లో పుట్టి, సుమారు 400 కిలోమీటర్లు నడిచి, సముద్రం చేరకుండానే గావ్‌ఖూనీ అనే చిత్తడి నేలలో ముగుస్తుంది. ఈ చిన్న నది మీద ఎంతమంది ఆధారపడ్డారో చూడండి. ఎగువన ఆనకట్ట, కొత్త తోటలు. నగరం తాగునీరు. ఇస్ఫహాన్ చుట్టుపక్కల ఉక్కు ఫ్యాక్టరీలు. ఇంకా ఎండగా ఉండే పొరుగు నగరం యజ్ద్‌కు పైపులైను. దిగువన వర్జనే వైపు రైతులు. మనుషులకు తాగడానికి నీళ్లు లేనప్పుడు వంతెన అందం కోసం నదిలో వదలమంటావా అని ఎవరైనా అడిగితే, వదలొద్దు అనే అంటాను. కానీ ప్రశ్నను అలా అడగడంలోనే మోసం ఉంది. నది మొత్తం తాగునీటికే పోతే ఎవరూ రోడ్డెక్కేవారు కాదు. 2021 నవంబరులో ఇస్ఫహాన్ రైతులు తమ నీటి వాటా కోసం ఎక్కడ గుడారాలు వేశారో తెలుసా? ఖాజూ వంతెన పక్కన, ఎండిన నది మధ్యలో. వేల మంది నగరవాసులు వాళ్లతో కలిశారు. కొద్ది రోజులకు గుడారాలు తగలబడ్డాయి, పోలీసులు బాష్పవాయువు వదిలి జనాన్ని చెదరగొట్టారు. రైతుకూ వంతెనకూ కావలసింది ఒకటే కాబట్టి ఇద్దరూ ఒకచోట కనబడ్డారు. వారసత్వ ప్రేమికులు రైతును పోటీదారుగా చూడటం మానేస్తే మంచిది.

రెండో వాదన నాకు నేనే తెచ్చుకున్నది. సఫావిద్‌లు, అంటే ఈ షా అబ్బాస్‌ల వంశం వాళ్లు, నీటిని న్యాయంగా పంచారని పాట పాడితే అది కల్పన. ఖాజూ తలుపులు మూసినప్పుడు నిండింది ముందు రాజు తోటలే. కింది ఊళ్ల రైతు అప్పుడూ తన వంతు కోసం చూస్తూ కూర్చుని ఉంటాడు. మొదటి షా అబ్బాస్ కాలపు పండితుడు షేక్ బహాయీ పేరు మీద చెలామణి అయ్యే నీటి వాటాల దస్తావేజు ఒకటి ఉంది. ఏ ఊరికి ఏ కాలంలో ఎంత వంతు అనేది అందులో లెక్కకట్టారు. అలాంటి కాగితం అవసరమైందంటేనే తగాదాలుండేవని అర్థం. అంతేకాదు, కొండల అవతల కారూన్ నది వైపు పోయే నీటిని కొండ తొలిచి జాయందేరూద్‌లోకి మళ్లించాలని మొదటి షా అబ్బాస్ మనుషుల్ని పెట్టి తవ్వించాడు. కుదరలేదు. చివరికి 1950ల్లో కూహ్రంగ్ సొరంగంతో ఆ కోరిక తీరింది. ఒకరి నీళ్లు ఇంకొకరికి మళ్లించే అలవాటు ఈనాటిది కాదన్నమాట. రాజులు మంచివాళ్లు, ఇప్పటివాళ్లు చెడ్డవాళ్లు అనే కథ నేను చెప్పడం లేదు. ఒక్క తేడా మాత్రం చూపిస్తాను. అప్పటి ఏర్పాటులో నది మధ్యలో తలుపు ఉంది, మూసినా మళ్లీ తెరవక తప్పదు, కింద మెట్లు ఉన్నది అందుకే. ఇప్పటి ఏర్పాటులో నీరు నగరం దాకా రాకముందే పైపుల్లోకి పోతోంది.

ఇక్కడ హైదరాబాద్ వాళ్లు ఒక మాట అందుకుంటారని తెలుసు. మన నగరం ఇస్ఫహాన్‌ను చూసి కట్టిందే కదా అని. చాలాచోట్ల విన్నాను, చదివాను. తేదీలు మాత్రం ఒప్పుకోవు. చార్మినార్ 1591. షా అబ్బాస్ రాజధానిని ఇస్ఫహాన్‌కు మార్చింది 1598లో. ఇప్పుడు మనం ఇస్ఫహాన్ అనుకునే పెద్ద మైదానం, మసీదులు, సీ-ఓ-సె పోల్ అన్నీ ఆ తర్వాతవే. మూసీ మీద పురానాపూల్ అయితే ఇంకా ముందు, 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. రెండు నగరాల మధ్య మనుషుల రాకపోకలు నిజం. హైదరాబాద్ రూపురేఖల్లో చేయి ఉందంటున్న కుతుబ్ షాహీల మంత్రి మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి వచ్చాడు. గోల్కొండలో చక్రం తిప్పిన మీర్ జుమ్లా ఇస్ఫహాన్ దగ్గరి అర్దెస్తాన్ వాడు. బందరు రేవు నుంచి ఇరాన్‌కు ఓడలు నడిచాయి. ఇస్ఫహాన్ నది దక్షిణపు ఒడ్డున కొత్త జుల్ఫా పేటలో స్థిరపడ్డ ఆర్మీనియన్ వ్యాపారులు మద్రాసు దాకా వచ్చారు. వాళ్లలో ఒకడైన ఖోజా పెట్రూస్ ఉస్కాన్ 1726లో అడయార్ నది మీద సైదాపేట దగ్గర తన సొంత డబ్బుతో వంతెన కట్టించాడు. చనిపోయాక అతని గుండెను జుల్ఫాకు పంపారు. సంబంధమంటే ఇది. ఎవరు ఎవరిని కాపీ కొట్టారన్న లెక్క కాదు.

పురానాపూల్ రాతి కట్టడం, ఇటుకది కాదు. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే దాన్ని చూసి పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనకు దాదాపు సాటి అని రాశాడు. 1908 సెప్టెంబరు మూసీ వరదలో మిగతా వంతెనలు కొట్టుకుపోతే ఇది నిలబడింది. దానికి నది కొరత లేదు, మురుగు రూపంలో ఏడాదంతా పారుతూనే ఉంటుంది. పైన కూరగాయల బేరం జరుగుతుంది. దాని మీద బేరం ఉండటం నాకు అభ్యంతరం కాదు, పైగా ఇష్టం. జనం ఆగే వంతెన బతికున్న వంతెన. కానీ కింది నుంచి ముక్కు మూసుకోకుండా దాని కమానులను చూసినవాళ్లు ఈ తరంలో ఎంతమంది? ఖాజూకు నీరు లేక, పురానాపూల్‌కు ఉన్న నీరు నీరు కాక, రెండూ పైభాగంతోనే నెట్టుకొస్తున్నాయి. మూసీ ప్రక్షాళన గురించి మాట్లాడేటప్పుడు ఒడ్డున దీపాలు, నడక దారులు అంటూ బొమ్మలు చూపిస్తారు. ముందు కమానుల కింద నీటి నాణ్యత ఏ ఏడాదికి ఎంతకు తెస్తారో ఒక అంకె చెబితే బాగుండునని నా బోటివాడి ఆశ.

ఈ విషయాలన్నీ మా పాత డీఈ గారి దగ్గర, అంటే ఒకప్పటి నా పై ఇంజనీరు దగ్గర, ఏకరువు పెట్టాను. ఆయన దగ్గర పనిచేసినప్పుడు నేను ఏఈని, అసిస్టెంట్ ఇంజనీర్‌ని. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు ఆయన అడిగేది కాలవల గురించే. అంతా విని, "ఏమయ్యా, నది ఎండిందని ఏడుస్తావేం, పునాది చూసుకోడానికి అంతకన్నా మంచి టైం దొరుకుద్దా? మనం కాలవలు కట్టేసేది దేనికి?" అన్నారు.

ఆయన మాటలో న్యాయముంది. డెల్టాలో ప్రతి వేసవీ కాలవలు కట్టేస్తాం. పూడిక తీస్తాం, లైనింగ్ వేస్తాం, తూముల తలుపులు మారుస్తాం. పొడిగా ఉన్నప్పుడే పునాది పగుళ్లు కనబడతాయి, పోయిన రాయి స్థానంలో కొత్త రాయి కుదురుతుంది. ఖాజూకీ అలాంటి పని చేయించుకోవచ్చు, చేయించాలి కూడా.

"నిజమే సార్. కానీ మనం కట్టేసే ముందే నీళ్లు ఏ తేదీన వదులుతామో పేపర్లో వేస్తాం కదా" అన్నాను.

"వేస్తాం. వేయకపోతే రైతులు ఆఫీసు మీద పడతారు."

"అక్కడ పడ్డారు సార్, గుడారాలు కూడా వేశారు. తేదీ మాత్రం వేయలేదు."

ఆయన కాసేపు ఆగి, ఆ ఎగువ ఆనకట్ట కెపాసిటీ ఎంత, యజ్ద్ పైపులైనుకు ఎంత పోతోంది, నదిలో కనీసం ఎంత వదిలితే ఖాజూ దగ్గర అరుగు తడుస్తుంది అని వరసగా అడగడం మొదలుపెట్టారు. కనీస ప్రవాహానికి ఒక అంకె, దాన్ని రాతపూర్వకంగా వారసత్వ కట్టడం రక్షణ నిబంధనల్లో చేర్చడం, ఏడాదికి ఎన్ని వారాలు వదిలారో బోర్డు మీద రాసి వంతెన దగ్గరే పెట్టడం. ఆయన మాటల్లో చెప్పాలంటే ఎస్టిమేట్ ఇది. 1932 నుంచి ఖాజూ ఇరాన్ జాతీయ వారసత్వ జాబితాలో ఉంది. ఆ జాబితాలో నది పేరు కూడా చేర్చమని అడగడానికి పెద్ద చదువు అవసరం లేదు, వంతెనను కింది నుంచి ఒకసారి చూస్తే చాలు అన్నాను. డీఈ గారు మాత్రం ముందు అంకెలు తెమ్మన్నారు.